ముప్పావలా సూద్, ఏడేళ్ల ఖిస్త్

కారు లోన్ గురించి మనవాళ్లలో రెండు రకాల ప్రశ్నలు వింటుంటాను. జుమా నమాజ్ అయ్యాక మస్‌జిద్ మెట్ల మీద కలిసినవాళ్లు "భాయ్, బ్యాంకు లోన్ జాయజేనా?" అంటారు. రోడ్డవతల టీ బండి దగ్గర కలిసినవాళ్లు "ఎంత పర్సెంట్ పడుతుంది?" అంటారు. చాలాసార్లు ఆ ఇద్దరూ ఒకే మనిషి. మెట్లు దిగేలోపు ప్రశ్న మారిపోతుంది. ఈ రెండింటినీ ఒకే దస్తర్‌ఖాన్ మీద పెట్టి మాట్లాడుకోవడం మన ఇళ్లల్లో తక్కువ. 2024 మొదట్లో మా ఇంట్లో అది జరిగింది. ఆ హిసాబ్ ఇంకెవరికైనా పనికొస్తుందేమోనని రాస్తున్నాను. నేను ఆలిమ్‌ని కాను, బ్యాంకు మనిషినీ కాను. దీన్ని ఫత్వా అనుకోవద్దు. ఒక ఇంటి లెక్క అనుకోండి.

మాది చింతలపూడి. అమ్మీ అక్కడే మా తమ్ముడి దగ్గర ఉంటుంది. ఆమె గుండె డాక్టరు ఏలూరులో, మోకాళ్ల డాక్టరు విజయవాడలో. బస్సు మెట్టు ఎక్కడం ఆమె వల్ల కాదు. తమ్ముడిది మామిడి తోటల పని. చింతలపూడి, నూజివీడు వైపు తోటలు పట్టి, కాయ కోయించి నున్న మార్కెట్‌కు తోలతాడు. రసాలు, బంగినపల్లి, కలెక్టర్ కాయ. ఏప్రిల్ నుంచి జూన్ దాకా అతని చేతిలో పైసలు ఆడతాయి. మిగతా తొమ్మిది నెలలూ దున్నకం, మందులు, కాపలా అంటూ పైసలు పోవడమే గానీ రావడం ఉండదు. నాది నెల జీతం, అదీ పత్రికాఫీసు జీతం.

అప్పటికి కిరాయి కారుతో గడుపుతున్నాం. ఏలూరు వెళ్లి, డాక్టరు కోసం కూర్చుని, తిరిగొస్తే వెయిటింగ్‌తో కలిపి 2,500. నెలకు మూడు ట్రిప్పులంటే 7,500. ఒకసారి అర్ధరాత్రి అమ్మీకి ఆయాసం వచ్చినప్పుడు నలుగురు డ్రైవర్లకు ఫోన్ చేస్తే ఒక్కరూ ఎత్తలేదు. ఆ రాత్రి తర్వాత ఇంట్లో కారు మాట షౌక్ నుంచి జరూరత్‌లోకి మారింది.

షోరూముకు తమ్ముడు, నేను కలిసి వెళ్లాం. మాకు నచ్చిన చిన్న కారు ఆన్‌రోడ్ 8 లక్షలు. మా ఇద్దరి దగ్గరా కలిపి 2,20,000 ఉంది. 2 లక్షలు డౌన్ పేమెంట్ కడితే 6 లక్షలు లోన్. అక్కడి కుర్రాడు ధర గురించి ఎక్కువ మాట్లాడలేదు. "నెలకు ఎంత కట్టగలరు సార్?" అని మాత్రమే అడిగాడు. పది వేలు దాటకూడదని తమ్ముడన్నాడు. ఆ అబ్బాయి రెండు మీటలు నొక్కి "పది వేల లోపే వచ్చేసింది" అని నవ్వాడు. ఏడేళ్లు పెట్టాడు. 84 ఖిస్తులు.

మా ఉర్దూ మీడియం స్కూల్లో రియాజీ కితాబ్‌లో రెండు పాఠాలు ఉండేవి: సూద్-ఎ-ముఫ్రద్, సూద్-ఎ-మురక్కబ్. తెలుగులో బారువడ్డీ, చక్రవడ్డీ. పగలు మాస్టర్ సాబ్ సూద్ లెక్క కట్టడం నేర్పేవారు. సాయంత్రం మక్తబ్‌లో హాఫిజ్ సాబ్ సూద్ దరిదాపులకు పోవద్దని నేర్పేవారు. ఆ రెండు చదువులూ నలభై దాటాక ఒకే కాగితం మీద పనికొచ్చాయి. ఆ రాత్రి ఇషా అయ్యాక కూర్చుని 6 లక్షలకు 9 శాతం చొప్పున లెక్క వేశాను.

మూడేళ్లకైతే నెలకు సుమారు 19,080. మొత్తం సూద్ 86,900.
ఐదేళ్లకైతే నెలకు సుమారు 12,455. మొత్తం సూద్ 1,47,300.
ఏడేళ్లకైతే నెలకు సుమారు 9,653. మొత్తం సూద్ 2,10,900.

శాతం మూడింటికీ ఒకటే. గడువు పెరిగినకొద్దీ ఖిస్త్ తగ్గింది, సూద్ పెరిగింది. మూడేళ్లను ఏడేళ్లు చేస్తే నెలకు తొమ్మిది వేల నాలుగు వందల పైచిలుకు ఊరట దొరుకుతుంది. ఆ ఊరట ఖరీదు లక్షా ఇరవై నాలుగు వేలు.

అమ్మీకి 9 శాతం అంటే ఎక్కలేదు. మన ఊళ్లల్లో వడ్డీని ఏడాదికి ఇన్ని శాతాలని ఎవరు చెప్తారు? నెలకు నూటికి ఎంత అనే చెప్తారు. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం. రెండు రూపాయలంటే 24. ఆ లెక్కన 9 శాతం అంటే ముప్పావలా. అది చెప్పగానే "ముప్పావలానా? బాజార్‌లో రెండు రూపాయలకు తెచ్చేవాళ్లున్నారు కదా బేటా" అంది అమ్మీ. నిజమే, వడ్డీ వ్యాపారి పక్కన నిలబెడితే బ్యాంకు దేవదూతలా కనిపిస్తుంది. కానీ మొదటి నెల ఖిస్త్ 9,653లో ముప్పావలా చొప్పున 4,500 సూద్‌కే పోతుంది. అసలులో తగ్గేది 5,153. మూడేళ్లపాటు ఒక్క నెల తప్పకుండా మూడున్నర లక్షల దాకా కట్టినా ఇంకా 3,88,000 బాకీ ఉంటుంది.

ఈలోగా కారు పాతబడుతూ ఉంటుంది. మూడేళ్లు దాటిన బండికి కొత్త ధరలో 40 శాతం, నాలుగేళ్లు దాటితే 50 శాతం తగ్గించి ఇన్సూరెన్స్‌వాళ్లు విలువ కడతారు. షోరూమ్ ధర 7 లక్షలనుకుంటే మూడేళ్లు దాటాక ఆ లెక్కలో విలువ 4,20,000. అమ్మి బ్యాంకు బాకీ తీర్చేస్తే చేతిలో మిగిలేది ముప్పై రెండు వేలు. అప్పటికి డౌన్ పేమెంటుతో కలిపి మనం పెట్టింది ఐదున్నర లక్షలకు దగ్గర.

రెండో రోజు ఇంకో ఫైనాన్స్ ఏజెంటు ఇంటికే వచ్చాడు. "మాది 6 శాతమే అన్నా, ఐదేళ్లు" అన్నాడు. అర్ధ రూపాయి వడ్డీ అన్నమాట. తమ్ముడి ముఖం వెలిగింది. నెలకు ఖిస్త్ ఎంత అని అడిగితే 13,000 అన్నాడు. బ్యాంకు 9 శాతానికి అదే ఐదేళ్లకు 12,455 అడుగుతుంటే, ఇతని 6 శాతానికి 13,000 ఎలా అయింది? ఇతనిది ఫ్లాట్ రేటు. మనం అసలు తీరుస్తూ పోతున్నా, చివరి నెల దాకా మొత్తం 6 లక్షల మీదే సూద్ వేస్తాడు. ఏడాదికి 36,000 చొప్పున ఐదేళ్లకు 1,80,000. బ్యాంకు పద్ధతిలోకి మార్చి చూస్తే అది 10.85 శాతం దాకా వస్తుంది. అర్ధ రూపాయి అని చెప్పి తొంభై పైసలు తీసుకోవడం. ఇలాంటివాళ్లు మీ ఇంటికొస్తే శాతం అడగకండి. "ఎన్ని నెలలు, నెలకు ఎంత, ఫీజులతో కలిపి మొత్తం ఎంత" అని అడిగి గుణించుకోండి.

ఇదంతా రూపాయల లెక్క. జాయజా, కాదా అన్నది అలాగే ఉంది. దానికి మా మస్‌జిద్ ఇమామ్ సాబ్ దగ్గరికి వెళ్లాం. ఆయన సూటిగానే చెప్పారు. తిజారత్‌ను హలాల్ చేసి రిబాను హరామ్ చేసిన ఆయత్ మీకూ తెలుసు, బ్యాంకు లోన్ మీద ఇచ్చే అదనం రిబాయేనని మన ఉలమాల్లో ఎక్కువమంది మాట, తీసుకునేవాడి మీదే కాదు, ఇచ్చేవాడి మీద, రాసేవాడి మీద, గవాహీ చెప్పేవాళ్ల మీద కూడా హదీస్‌లో వయీద్ ఉంది అన్నారు. మజ్‌బూరీకి వేరే హుకుం ఉందనీ, కానీ ఎవరి మజ్‌బూరీ ఎంతో వాళ్లే అల్లాహ్ ముందు జవాబు చెప్పుకోవాలనీ అన్నారు. తర్వాత తమ్ముడి వైపు తిరిగి "నువ్వు మామిడి మనిషివి కదా, నీకు పండ్ల బేరం హదీస్ గుర్తుందా?" అని అడిగారు.

పండు పక్వానికి వచ్చే జాడ కనిపించకముందే చెట్టు మీది కాయను అమ్మడాన్ని రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం వద్దన్నారు. అల్లాహ్ ఆ పండును ఆపేస్తే నీ భాయి సొమ్ము ఏ హక్కుతో తీసుకుంటావు అన్నది అందులోని మాట. ఇది మా తమ్ముడి ధంధాకే ముందు తగులుతుంది. పూత మీద తోట పట్టడం మా వైపు రివాజ్. చెట్టంతా పూతతో తెల్లబడిన రోజున ధర ఖాయం చేసుకుంటారు. తర్వాత తేనెమంచు పురుగు పట్టినా, ఈదురు గాలి లేచినా, ఆ నష్టం పట్టినవాడిదే. ఇమామ్ సాబ్ మాట విని కొన్నేళ్లుగా తమ్ముడు పిందె పెరిగి కాయ నిలిచాకే బేరం ఖాయం చేస్తున్నాడు. అప్పటికి ధర ఎక్కువ చెప్తారు. అయినా రాత్రి నిద్ర పడుతోంది అంటాడు.

ఇంటికి నడిచొస్తుంటే వాడే అన్నాడు: "భాయ్‌జాన్, ఏడేళ్ల లోన్ అంటే ఏడు సీజన్ల కాయ పూత కూడా రాకముందే అమ్మేసుకున్నట్టు కదా?"

ఆ మాట నాకు శాతాలన్నింటికంటే బాగా అర్థమైంది. వాడు 2024 చలికాలంలో కూర్చుని 2030 కాయను బ్యాంకుకు రాసివ్వబోతున్నాడు. ఆ ఏడు పూత వస్తుందో రాదో, గాలి ఎటు వీస్తుందో ఎవరికి తెలుసు? నెల జీతగాడికి ఖిస్త్ ఒక బరువు. ఏడాదికొకసారి ఆదాయం వచ్చే రైతుకు, వ్యాపారికి అది పందెం. జనవరిలోనూ ఖిస్త్ అడుగుతారు, ఆగస్టులోనూ అడుగుతారు. చెట్టు మాత్రం మే నెలలోనే ఇస్తుంది. నాదైనా ఎంత గట్టి జీతం? ఉద్యోగం పోయిన తోటి జర్నలిస్టులను చూస్తూనే ఉన్నాను.

మరి రాస్తా ఏమిటి? దుబాయ్‌లో ఉన్న మా ఖాలాజాద్ భాయ్‌కి ఫోన్ చేశాను. అతను అక్కడి ఇస్లామీ బ్యాంకులో మురాబహా పద్ధతిలో కారు కొన్నాడు. బ్యాంకే ముందు కారు కొంటుంది, తన లాభం కలిపి ఒక ధర చెప్తుంది, ఆ ధరను ఖిస్తుల్లో కట్టాలి. ఆలస్యమైనా ఆ ధర పెరగదు. జుర్మానా వేసినా అది బ్యాంకు లాభంలో కలవకుండా ఖైరాత్‌కు పోవాలి. "మొత్తం కలిపితే మామూలు బ్యాంకు కంటే పెద్ద తక్కువేం పడలేదు, కానీ ఎంత కట్టాలో మొదటి రోజే తెలుసు" అన్నాడు. మన దేశంలో ఆ తలుపు తెరుచుకోలేదు. సూద్ లేని బ్యాంకింగ్‌కు దారి ఇవ్వాలని రఘురామ్ రాజన్ కమిటీ 2008లోనే సిఫారసు చేసింది. ఆ ఆలోచనను ముందుకు తీసుకుపోవడం లేదని రిజర్వు బ్యాంకు 2017లో ఆర్‌టీఐ జవాబులో చెప్పేసింది.

చీటీ సంగతి అమ్మీ ఎత్తింది. పాట చీటీలో ముందు కావాలన్నవాడు తగ్గించుకుని పాడతాడు, ఆ తగ్గింపు మిగతావాళ్లు పంచుకుంటారు. అందులో మళ్లీ అదే షక్. పేరు తీసి ఇచ్చే చీటీలో ఆ గొడవ లేదు, అందరూ వేసినంతే తీసుకుంటారు. కానీ మన పేరు ఎప్పుడు వస్తుందో తెలియదు. అమ్మీ ఆయాసం చీటీ కోసం ఆగదు.

చివరికి కొత్త కారు మాట వదిలేశాం. ఐదేళ్ల పాత పెట్రోలు కారు ఒకటి ఏలూరులో 4,20,000కు దొరికింది. మా దగ్గరున్న 2,20,000 పోగా ఇంకా 2 లక్షలు కావాలి. ఆపా దగ్గర అంత ఉంది. జంగారెడ్డిగూడెంలో వాళ్ల మేడ మీద గది వేసుకోవడానికి దాచుకున్నది. కర్జ్-ఎ-హసనాగా ఇస్తానని తనే అంది. నేను కాగితం రాసుకుందామన్నాను. ఆపాకు కోపం వచ్చింది. "భాయీ బహెన్‌కే బీచ్‌మే కాగజ్?" అని కళ్ల నీళ్లు పెట్టుకుంది.

ఖురాన్‌లో అన్నింటికంటే పొడుగైన ఆయత్ ఏదో మనలో చాలామందికి గుర్తుండదు. సూరె బఖరాలో 282వది. అది నమాజ్ గురించో రోజా గురించో కాదు, కర్జ్‌ను కాగితం మీద రాసుకోవడం గురించి. గడువు పెట్టుకోండి, రాయించండి, ఇద్దరు గవాహ్‌లను పెట్టుకోండి, చిన్న మొత్తమైనా రాయడానికి విసుక్కోవద్దు అని దాని సారాంశం. దానికి రెండు ఆయత్‌ల ముందే, బాకీపడ్డవాడు ఇబ్బందుల్లో ఉంటే కుదుటపడేదాకా గడువు ఇవ్వమని ఉంది. ఇవన్నీ ఆపాకు దుల్హా భాయే చదివి వినిపించారు. అప్పుడు సంతకం పెట్టింది.

కాగితంలో మూడు సీజన్లు రాసుకున్నాం. 2024 జూన్ ఆఖరుకు 70,000, 2025లో 70,000, 2026లో 60,000. కింద ఒక వాక్యం తమ్ముడు అడిగి రాయించాడు: గాలివానకో పురుగుకో కాపు పోతే ఆ ఏడాది ఖిస్త్ వచ్చే సీజన్‌కు జరుగుతుంది, పైసా పెరగదు.

పాత కారు కొనేవాళ్లకు ఒక మాట. ఆర్‌సీలో ఏదైనా బ్యాంకు పేరు హైపోథికేషన్ కింద ఉందేమో ముందు చూడండి. ఉంటే అమ్మేవాడు బాకీ తీర్చి, బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 ఇచ్చి ఆ పేరు తీయించేదాకా మొత్తం డబ్బు చేతికివ్వకండి. లేకపోతే అవతలివాడి సూద్ మన ఇంటికి వస్తుంది.

సూద్ లేని కర్జ్ ఉచితమని ఎవరైనా అంటే నేను నమ్మను. దాని ఖరీదు ఎహసాన్ రూపంలో ఉంటుంది, ఎదురుచూపు రూపంలో ఉంటుంది. 2024లో ఖిస్త్ ఇన్షా అల్లాహ్ అనుకున్నట్టే జూన్‌లో ఇచ్చేశాం. ఆ తర్వాత ఆపా కూతురికి విజయవాడలో పరీక్ష ఉంటే కారు తీసుకెళ్లమన్నాం. దుల్హా భాయ్ ఒప్పుకోలేదు. కర్జ్ ఇచ్చినవాడు ఆ కర్జ్ వల్ల లాభం పొందితే అదీ రిబా అవుతుందని ఆయన భయం. చివరికి పెట్రోలు తను పోయించుకుని, డ్రైవరు బత్తా తను ఇచ్చి తీసుకెళ్లారు. బ్యాంకు మేనేజరు ఎవరైనా ఇంత జాగ్రత్తపడతాడా అని తమ్ముడు నవ్వాడు. నాకు మాత్రం కాస్త సిగ్గేసింది, కాస్త గర్వంగానూ అనిపించింది.

2025 వేసవిలో వాడు పట్టిన తోటలో ఒక సాయంత్రం ఈదురు గాలి లేచింది. అరగంటలో సగం కాయ నేల మీద ఉంది. రాలిన కాయను పచ్చడికి, మామిడి తాండ్రకు వచ్చినకాడికి అమ్మారు. కూలీలు, లారీ కిరాయి పోగా వాడికి మిగిలింది లేదు. కాగితంలోని ఆఖరి వాక్యం పనికొచ్చింది. ఆపా ఒక్క మాట అనలేదు. కానీ వాళ్ల మేడ మీద గది ఇంకో ఏడాది వెనక్కి జరిగింది. గాలి మా తోటలో వీచింది, ఇటుకలు ఆమె ఇంట్లో ఆగాయి. ఈ సంగతి దాచి కర్జ్-ఎ-హసనా గొప్పదని రాస్తే అది బేఈమానీ.

అందరికీ ఆపాలు ఉండరు, అందరి ఆపాల దగ్గరా రెండు లక్షలు ఉండవు. అది తెలుసు. తప్పనిసరై, తన నీయత్ తనకు తెలిసి లోన్ తీసుకునేవాళ్ల మీద వేలు చూపే హక్కు నాకు లేదు. వాళ్లకు పనికొచ్చే మార్పులు కొన్ని ఈమధ్య వచ్చాయి. 2024 అక్టోబరు నుంచి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు లోనుకు ముందే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. అందులో ఫీజులన్నీ కలిపిన అసలు రేటు, ఏపీఆర్ అని ఉంటుంది. ఫ్లాట్ రేటు మాయ అక్కడ బయటపడుతుంది. ఖిస్త్ ఆలస్యమైతే వేసే జుర్మానా మీద మళ్లీ సూద్ వేయకూడదని కూడా రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. 2026 జనవరి 1 నుంచి ఇచ్చే లోన్లలో, సొంత అవసరానికి తీసుకున్న ఫ్లోటింగ్ రేటు లోన్‌ను ముందే తీర్చేస్తే అదనపు చార్జీ వేయకూడదు. ఫిక్స్‌డ్ రేటుకు ఆ రక్షణ లేదు, కాబట్టి సంతకానికి ముందే అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్‌టీ 18 శాతానికి తగ్గింది. ధర తగ్గింది కదా అని పెద్ద కారుకు పోకుండా, ఆ తగ్గినంత మేరకు లోన్ తగ్గించుకుంటే బరకత్ ఉంటుంది.

ఇంకొక మాట చేదుగా ఉంటుంది, అయినా రాయాలి. సూద్ హరామ్ అని లోన్ జోలికి పోని ఇళ్లల్లోనే కొన్ని, కొడుకు నికాహ్‌కు జహేజ్‌లో కారు అడుగుతున్నాయి. ఆడపిల్ల తండ్రి ఎక్కడి నుంచి తెస్తాడు? ఐదేళ్లకో ఏడేళ్లకో లోన్ పెట్టే తెస్తాడు. కారు దూల్హా ఇంటి ముందు ఉంటుంది, ఖిస్త్ ఆ తండ్రి పింఛను లోంచి పోతుంది. ఆ సూద్ ఎవరి ఖాతాలో రాయాలో ఆ ఇంటివాళ్లు ఇమామ్ సాబ్‌ను అడిగినట్టు నేనెప్పుడూ వినలేదు.

ఇప్పుడు మా దగ్గర 1,30,000 బాకీ ఉంది. ఈసారి కాపు నిలిస్తే సగానికి పైగా ఇచ్చేయాలని తమ్ముడి పట్టుదల. అమ్మీ ప్రతి ఫజర్ తర్వాత తోట కోసం దువా చేస్తుంది, ఆ వెంటనే ఆపా మేడ గది కోసం కూడా చేస్తుంది. మీ దువాల్లో కూడా ఆ రెండింటినీ చేర్చుకోండి.